ఆరు తెరలు, ఒకే అడ్రసు

మహాశివరాత్రి దగ్గరపడేకొద్దీ కోటప్పకొండ చుట్టుపక్కల ఊళ్ళలో మాటలన్నీ తిరునాళ్ళకు తోలే ఎత్తయిన ప్రభల మీదే. ఎవరి ప్రభ ఎన్ని అడుగులు, ఎన్ని బల్బులు, ఏ జనరేటరు, ఏ దారిన తోలాలి. ఈ సంవాదంలోని ఇద్దరికీ అవేం పట్టలేదు. వాళ్ళ గొడవంతా ఒక గది గురించి. కొండ కింద ఆ గదిలో బలమైన కంప్యూటర్ ఒక్కటుంది. యల్లమంద, కొండకావూరు పిల్లలు ఆరుగురు దాన్ని ఒకేసారి వాడుకోవాలి. ఈఏపీసెట్ దరఖాస్తులు, ఉద్యోగ ప్రకటనలు, వీడియో పాఠాలు, కాస్త ప్రోగ్రామింగ్. ఆరుగురికీ కలిపి నెట్‌వర్క్ అడ్రసు ఒకటి చాలా, తలా ఒకటి కావాలా? వచ్చే నెట్ వేగాన్ని ఆరు వాటాలు వేసి ఎవరిది వాళ్ళకి కట్టబెట్టాలా, ఉమ్మడిగా వదిలెయ్యాలా?

వరసకు వాళ్ళు బాబాయ్, అబ్బాయ్. బాబాయి 2000ల తొలి ఏళ్ళలో నరసరావుపేటలో ఇంటర్నెట్ సెంటర్ నడిపినవాడు. 2004 నాటి కేంద్ర విధానం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనొచ్చంది. 2013లో ఆ గీత 512కు, 2023 జనవరిలో 2 మెగాబిట్లకు పెరిగింది. బాబాయి ఆ మొదటి గీత కాడ వ్యాపారం చేశాడు. సన్నటి లైనును ఎనిమిది కంప్యూటర్లకు పంచి, ఎంసెట్ ఫలితాల రోజున గుమ్మం దాకా నిలబడ్డ జనాన్ని సముదాయించినవాడు. అబ్బాయి ఇంజనీరింగ్ చదివి, లైనక్స్ సర్వర్లతో పొద్దు పుచ్చేవాడు. వాడి చేతికి 100 మెగాబిట్ల ఫైబర్ లైను వచ్చింది. కరువు చూసినవాడికీ చూడనివాడికీ మధ్య ఉండే తేడా ఈ వాదంలో అడుగడుగునా కనిపిస్తుంది.

పెద్దవాడు కనక, పైగా గొంతు కూడా పెద్దది కనక ముందు బాబాయి మాట.

"ఏందిరా అబ్బాయ్, ఆరుగురు మనుషులకి ఒక్క అడ్రసా? రేపు ఎవరన్నా వచ్చి ఫలానా పని చేసింది ఎవరని అడిగితే ఏం చెప్తావు? మా సెంటర్లో ఎనిమిది పెట్టెలకు ఎనిమిది అడ్రసులు. 192.168.0.11 అంటే గుమ్మం పక్కది, 18 అంటే ఫ్యాను కిందది. కాగితం మీద రాసి గోడకు అంటించా. ఎవడన్నా లైను మొత్తం పీల్చేస్తుంటే అడ్రసు చూసి, లేచి వెళ్ళి వాడి భుజం తట్టేవాణ్ణి."

"ఆ ఎనిమిదీ ఎనిమిది కంప్యూటర్లు బాబాయ్. ఇక్కడ కంప్యూటర్ ఒక్కటే. పిల్లల ముందున్నవి పాత పెట్టెలు. అవి తెరా, కీబోర్డూ, మౌసూ మోసేదానికి తప్ప దేనికీ పనికిరావు. బ్రౌజర్ తెరిచినా, ప్రోగ్రాం రాసినా పని జరిగేది ఇదిగో, ఈ మూలనున్న దాంట్లోనే. బయటికెళ్ళే ప్రతి ప్యాకెట్ మీదా దీని అడ్రసే ఉంటది."

ఇలా ఒక్కదాన్ని పదిమందికి పంచడం ఈ నేలకు కొత్త కాదు. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 వేల ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ గదులు వచ్చినప్పుడు ఎన్‌కంప్యూటింగ్ అనే సంస్థ పరికరాలు వాడారు. దాదాపు 18 లక్షల మంది పిల్లల కోసం తలపెట్టిన పథకం అది. ఆ పరికరం అరచేతిలో పట్టేంత చిన్న డబ్బా. దానికి మానిటరు, కీబోర్డు, మౌసు తగిలించి, కేబులు తెచ్చి అసలు కంప్యూటర్‌లో బిగించిన కార్డుకు కలపడమే. ఆ సంస్థ అమ్మిన ఎక్స్300 రకంలో ఒక్కో కార్డుకు మూడు డబ్బాలు. రెండు కార్డులు బిగిస్తే ఆరు, కంప్యూటర్ ముందు కూర్చున్నవాడితో కలిపి ఏడుగురు. ఏడుగురూ బయటి ప్రపంచానికి ఒకే అడ్రసుతో కనిపించేవారు. అప్పట్లో నెట్ ఉన్న పాఠశాలలే తక్కువ కాబట్టి ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకోక తప్పదు.

బాబాయి వెంటనే అసలు సందేహం బయటపెట్టాడు. "ఒకే అడ్రసుతో ఆరుగురు అడిగితే, వచ్చిన జవాబు ఎవరిదో దీనికెట్టా తెలుస్తది?"

"పోర్టు నంబరుతో. ప్రతి కనెక్షన్‌కూ ఒక నంబరు తగిలిస్తది. మొత్తం 65,536 ఉంటాయి. బయటికి వెళ్ళే పనులకు లైనక్స్ మామూలుగా 32,768 నుంచి 60,999 దాకా వాడుకుంటది. అంటే 28,232. ఆరుగురు పంచుకుంటే తలా నాలుగు వేల ఏడొందలు. ఒక పేజీ తెరిస్తే పదులు, మహా అయితే వందలు ఖర్చవుతాయి. కరువేముంది?"

"కరువు సంగతి కాదు. ఒకే నంబరు ఇద్దరికి కావాల్సొస్తే?"

ఇక్కడ అబ్బాయి ఒక్క క్షణం ఆగాడు. ఎందుకంటే బాబాయి వేలు పెట్టింది సరైన చోటే. బయటికి వెళ్ళి అడిగేవాడికి ఏ పోర్టయినా ఒకటే. తలుపు తీసుకుని కూర్చుని, వచ్చేవాళ్ళకు జవాబు చెప్పే ప్రోగ్రాంకు మాత్రం ఫలానా నంబరే కావాలి. జావా నేర్చుకునే పిల్ల ఒకటో తెర ముందు టామ్‌క్యాట్ సర్వర్ మొదలుపెడితే అది 8080 పోర్టు పట్టుకుంటుంది. మూడో తెర ముందున్న కుర్రాడు అదే పాఠం, అదే సర్వర్ మొదలుపెడితే ఆ పోర్టును ఇప్పటికే వేరొకరు వాడుతున్నారన్న ఎర్ర అక్షరాలు ఎదురవుతాయి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసిన కుర్రాడికి తప్పెక్కడుందో అర్థం కాదు. తప్పు వాడిది కాదు మరి. అడ్రసు ఉమ్మడిది.

పెద్ద కంపెనీలకు కూడా ఇదే చిక్కు వచ్చింది. ఒక మనిషికి ఒక కంప్యూటర్, ఒక కంప్యూటర్‌కు ఒక అడ్రసు అని నమ్మి రాసిన పాత సాఫ్ట్‌వేర్లను, ఒకే సర్వర్ మీద పదుల మంది వాడబోతే అవి తికమకపడ్డాయి. అందుకే మైక్రోసాఫ్ట్ 2009లో విండోస్ సర్వర్ 2008 ఆర్2తో పాటు, రిమోట్ డెస్క్‌టాప్‌లో ప్రతి లాగిన్‌కూ విడి ఐపీ అడ్రసు ఇచ్చే ఏర్పాటు తెచ్చింది. లైనక్స్‌లో దీనికి నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లున్నాయి. ఒక్కో యూజర్‌ను ఒక్కో నేమ్‌స్పేస్‌లో కూర్చోబెడితే ఎవరి అడ్రసు వాళ్ళది, ఎవరి 8080 వాళ్ళది.

"చూశావా, నేను చెప్పిందే!" అన్నాడు బాబాయి.

"చెప్పింది నిజమే, చెయ్యడమే తంటా. మన గదికి లైను వైఫై మీద వస్తంది. తలా ఒక నకిలీ నెట్‌వర్క్ కార్డు పుట్టించి, తలా ఒక హార్డ్‌వేర్ అడ్రసు తగిలిస్తే వైఫై ఒప్పుకోదు. కనెక్టయిన కార్డు అడ్రసు తప్ప వేరేది రౌటర్ లెక్కలోకి తీసుకోదు. కేబులు లాగాలి, లేదంటే హార్డ్‌వేర్ అడ్రసు ఒకటే ఉంచి ఐపీలు మాత్రం వేరుచేసే పద్ధతి పెట్టాలి."

"కేబులు లాగు. ఎన్ని మీటర్లు? మా రోజుల్లో మిద్దె మీంచి మిద్దెకు లాగాం."

అక్కడికి వాదంలో మొదటి ముడి విడిపోయినట్టే కనిపించింది కానీ, బాబాయి అడ్రసులు అడగడానికి అసలు కారణం పోర్టులు కాదు. భయం. అది అనవసరపు భయమూ కాదు. 2011 ఏప్రిల్‌లో కేంద్రం సైబర్ కేఫ్‌లకు మార్గదర్శక నియమాలు ప్రకటించింది. వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టరులో రాయాలి, ఏ సైట్లు చూశారన్న చరిత్ర, ప్రాక్సీ సర్వర్ లాగ్‌లు కనీసం ఏడాదిపాటు దాచాలి. గదిలో అడ్డుగోడలుంటే నాలుగున్నర అడుగులు మించకూడదన్నది కూడా అందులోనే ఉంది. ఎనిమిది పెట్టెల మధ్య ప్లైవుడ్ చెక్కలు నిలబెట్టిన కాలపు మనిషికి ఇవన్నీ నోటికొచ్చు.

అబ్బాయి చట్టం వైపు నుంచే తప్పించుకోబోయాడు. "సైబర్ కేఫ్ అంటే వ్యాపారంగా జనానికి ఇంటర్నెట్ ఇచ్చే చోటని ఐటీ చట్టంలో ఉంది. మనం డబ్బులు తీసుకోవట్లేదుగా?"

"డబ్బులు తీసుకోకపోతే అడగరని ఎవరు చెప్పార్రా నీకు? ఫలానా రోజు, ఫలానా టైముకు, మీ అడ్రసు నుంచి ఒకమ్మాయికి బెదిరింపు మెసేజ్ వెళ్ళింది, పంపిందెవరు అని గుమ్మంలో నిలబడి అడిగినోడికి నిర్వచనాలు చదివి వినిపిస్తావా?"

వ్యాపారమా కాదా అన్నది లాయర్లు తేల్చుకోవాల్సిన సంగతి. ఆరుగురు పిల్లలు కూర్చునే గదిని నడిపేవాడికి మాత్రం బాబాయి అడిగిందే అసలు ప్రశ్న. అయితే దానికి జవాబు అడ్రసులో దొరుకుతుందా? అబ్బాయి వాదంలో గట్టి భాగం ఇక్కడ మొదలైంది.

లైనక్స్‌లో ప్రతి ప్రోగ్రాం ఎవరో ఒక యూజర్ పేరు మీద నడుస్తుంది. ఆ యూజర్‌కు ఒక నంబరుంటుంది. బయటికి వెళ్ళే ప్యాకెట్‌ను ఏ యూజర్ ప్రోగ్రాం పుట్టించిందో లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌కు తెలుసు. లైనక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌లో లాగ్ రాయమన్నప్పుడు యూజర్ నంబరు కూడా రాయమని అడగొచ్చు. అప్పుడు లాగ్‌లో తేదీ, టైము, ఎక్కడికి వెళ్ళింది, ఏ పోర్టు నుంచి వెళ్ళింది, పంపిన యూజర్ నంబరు 1003 అని ఒకే వరసలో పడతాయి. "1003 ఎవరో మన రిజిస్టరులో ఉంటది. అడ్రసు ఆరుగురికీ ఒకటే అయినా మనిషి దొరికిపోతాడు. అదే నీ పద్ధతిలో, 11వ అడ్రసు ముందు ఆ టైముకు కూర్చున్నదెవరు? అడ్రసు కుర్చీని చూపిస్తది గానీ మనిషిని చూపించదు బాబాయ్."

బాబాయి వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే సంవాదం ఎందుకవుతుంది? "బయట నుంచి అడిగేవాడికి నీ యూజర్ నంబరు ఏం తెలుసు? వాడి చేతిలో ఉండేది అడ్రసే."

"వాడి చేతిలో ఉండే అడ్రసు మనది కూడా కాదు. రౌటర్ తెరిచి చూడు."

ఇద్దరూ వంగి రౌటర్ పేజీ చూశారు. బయటి వైపు అడ్రసు 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న నలభై ఒక్క లక్షల తొంభై నాలుగు వేల పైచిలుకు అడ్రసులను 2012 ఏప్రిల్‌లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు ఒక ప్రత్యేకమైన పనికి కేటాయించారు. సర్వీసు కంపెనీలు తమ ఖాతాదారులకు లోపల్లోపల పంచుకోవడానికి. అంటే కంపెనీ దగ్గర ఇంకో పంపకం ఉంది. అనేక ఇళ్ళు కలిసి ఒక్క బహిరంగ అడ్రసు వెనక దాక్కుంటాయి. తెరల ముందున్న ఆరుగురు రౌటర్ వెనక, రౌటర్ కంపెనీ వెనక. గదిలో ఆరు అడ్రసులిచ్చినా అరవై ఇచ్చినా గుమ్మం దాటాక అన్నీ ఒకటే. నలుగురితో పంచుకున్న అడ్రసు నుంచి రాకపోకలు మరీ ఎక్కువైతే గూగుల్ అసాధారణమైన ట్రాఫిక్ వస్తోందని చెప్పి, ట్రాఫిక్ లైట్ల బొమ్మలు ఏరమని కూర్చోబెడుతుంది. ఆ పేజీ చూడని నెట్ సెంటర్ లేదు.

కారణం కొరత. నాలుగో తరం ఐపీ (ఐపీవీ4) అడ్రసులు మొత్తం 4,29,49,67,296. ప్రపంచ ఖజానాలో చివరి కట్టలు 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. ఆసియా పసిఫిక్ వాటాకు వచ్చినవి అదే ఏడాది ఏప్రిల్ 15 నాటికి చివరి కట్టకు చేరాయి. మన రాష్ట్రంలో ఇంటింటికీ ఫైబర్ అన్న మాట ఆ తర్వాత వచ్చింది. కరెంటు స్తంభాల మీదుగా 20 వేల కిలోమీటర్లకు పైగా కేబుల్ లాగిన ఏపీ ఫైబర్‌గ్రిడ్‌ను 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్ అన్నారు. అప్పటికే ఖజానా ఖాళీ అయి ఆరేళ్ళు. ఆలస్యంగా పంక్తిలో కూర్చున్నవాళ్ళకు ఇంటికో బహిరంగ అడ్రసు వడ్డించే కాలం ఎప్పుడో పోయింది.

"అట్టాగైతే కంపెనీవాడు మాత్రం ఎట్టా తేలుస్తాడు, అన్ని ఇళ్ళలో ఎవరిదో?"

"పోర్టు నంబరు, టైము పట్టుకుని. ఆ సెకనులో ఆ పోర్టు ఏ ఇంటికిచ్చామో వాళ్ళు రాసిపెట్టుకుంటారు. మన దాకా వచ్చి అడిగేది కూడా అదే. అందుకే గడియారం ముఖ్యం."

ఇది చాలామంది పట్టించుకోని ముక్క. కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం, అంటే సెర్ట్‌ఇన్, 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు దాచమనడంతో పాటు గడియారాలు సరిచేసుకోమని కూడా ఉంది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ టైము సర్వర్‌తో గానీ, జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్‌తో గానీ కలిపి ఉంచాలి. మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయొచ్చినప్పుడల్లా ఎప్పటిదో పాత తేదీకి జారిపోయే కంప్యూటర్ రాసిన లాగ్ చిత్తు కాగితంతో సమానం. బాబాయి లేచి వెళ్ళి గదిలోని కంప్యూటర్ టైము తన చేతి గడియారంతో పోల్చి చూసి వచ్చి కూర్చున్నాడు. ఏమీ అనలేదు కాబట్టి సరిగ్గానే ఉందనుకోవాలి.

ఇక ఆరో తరం (ఐపీవీ6) అడ్రసుల సంగతి. వాటికి కొరత లేదు. ఒక ఇంటికిచ్చే మామూలు కట్టలో రెండును అరవై నాలుగుసార్లు హెచ్చవేసినన్ని ఉంటాయి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినప్పటి నుంచి మన ఫోన్లలో చాలా భాగం ఇవే వాడుతున్నాయి. వాటిని వాడే దేశాల్లో భారత్ ముందు వరసలో ఉంది కూడా. ఒక్క కంప్యూటర్‌కు ఆరేం ఖర్మ, అరవై తగిలించినా అడిగేవాడు లేడు. బాబాయి ముఖం వెలిగింది. అంతలోనే అబ్బాయి ఇంకో మాటన్నాడు. గోప్యత కోసం కంప్యూటర్లు ఆ అడ్రసులను వాటంతటవే మార్చేస్తుంటాయి. మార్పు ఆపించకపోతే గోడకు అంటించిన కాగితం మర్నాటికే పాతబడుతుంది.

అడ్రసుల గొడవ అక్కడ కాస్త చల్లబడి, బ్యాండ్‌విడ్త్ దగ్గర మళ్ళీ రాజుకుంది. అసలు పోరు ఇదే.

బాబాయిది సూటి లెక్క. 100 మెగాబిట్లు, ఆరుగురు. తలా 16. "ఎవడి గిన్నెలో వాడిది. పక్కోడి గిన్నెలో చెయ్యి పెట్టేది లేదు. స్క్విడ్ ప్రాక్సీ సర్వర్‌లో డిలే పూల్స్ అని ఉండేవి, ఒక్కో అడ్రసుకు ఇంత అని కట్టేసేవాణ్ణి. ఒక్కడు కూడా గొడవపడలా."

"నీకప్పుడు పంచేదానికే లేదు బాబాయ్, అందుకని గట్టిగా కట్టావు. ఇప్పుడు పొద్దున పదింటికి గదిలో ఇద్దరే ఉంటారు. మిగతా నాలుగు వాటాలు ఎవరికీ కాకుండా పోతాయి. శివరాత్రి నాడు కొండ మీద చూడవా? ప్రత్యేక దర్శనం వరస ఖాళీగా ఉంటది, ధర్మ దర్శనం వరస మెట్ల దాకా నిలబడి ఉంటది. ఖాళీగా ఉన్న వరసలోకి జనాన్ని వదిలితే ఎవరి సొమ్ము పోయింది?"

"వదిలిన ఐదు నిమిషాలకు టికెట్టు కొన్నోడు వస్తే?"

"వాడొచ్చిన వెంటనే వదలడం ఆపాలి. యంత్రం ఆ పని సెకనులో వందో వంతులో చేస్తది."

దర్శనం వరసలో ఆ పని చెయ్యలేం. నెట్ లైనులో చెయ్యగలం. లైనక్స్‌లో హెచ్‌టీబీ అనే పద్ధతి ఇరవై ఏళ్ళకు పైగా చేస్తున్నది అదే. ప్రతివాడికీ ఇంత అని హామీ, ఇంతకు మించొద్దని పైకప్పు. హామీ వాటా వాడుకోనివాడి మిగులు, అడిగినవాడికి అప్పు. సొంతదారు తిరిగి రాగానే అప్పు వాపసు.

బాబాయి దగ్గర ఇంకో ఆయుధం ఉంది, అది పదునైనదే. అసలేమీ కట్టకుండా ఉమ్మడిగా వదిలేస్తే ఏమవుతుందో ఆయన కళ్ళారా చూశాడు. ఇంటర్నెట్ తనంతట తాను వేగాన్ని మనుషులకు పంచదు, కనెక్షన్లకు పంచుతుంది. ఐదుగురు పిల్లలు తలా ఒక కనెక్షన్‌తో పాఠం చూస్తున్నారు. ఆరోవాడు డౌన్‌లోడ్ మేనేజర్ పెట్టి ఒక సినిమాను పదహారు ముక్కలుగా దించుతున్నాడు. మొత్తం 21 కనెక్షన్లు. వాటిలో 16 వాడివే. 100 మెగాబిట్లలో 76 వాడికి, మిగిలిన ఐదుగురికీ తలా ఐదుకు కాస్త తక్కువ. యూట్యూబ్‌లో 1080 నాణ్యతకు ఐదు మెగాబిట్లు కావాలంటారు కనక పాఠం చూసే పిల్ల తెర మీద చక్రం తిరగడం మొదలవుతుంది. ఎక్కువ తలుపులు కొట్టినవాడికి ఎక్కువ అన్నమాట.

"దీనికి మందు కూడా ఉంది, నాకు తెలుసు," అన్నాడు బాబాయి గర్వంగా. "కేక్ అని రౌటర్లలో వచ్చింది. 2018లో లైనక్స్‌లో కలిపారు. కనెక్షన్లు కాదు, అడ్రసులు చూసి పంచుద్ది. ఒక అడ్రసోడు పదహారు తలుపులు కొట్టినా వాటా ఒకటే. మరి నీ ఆరుగురూ ఒకే అడ్రసులో ఉంటే రౌటర్‌కు మీరంతా ఒక్కడే. పక్క గదిలో ఫోను పట్టుకున్న వాచ్‌మన్‌కు సగం, మీ ఆరుగురికీ కలిపి సగం!"

నిజం చెప్పాలంటే మొత్తం సంభాషణలో ఇంతకంటే బరువైన వాదన ఇంకొకటి లేదు. న్యాయంగా పంచే తెలివైన రౌటర్లు అడ్రసునే మనిషి అనుకుంటాయి. ఒకే కంప్యూటర్‌లో ఆరుగురిని దాచితే ఆ తెలివి మొత్తం వృథా. అబ్బాయి కూడా కాదనలేదు. రౌటర్ చెయ్యలేని పని కంప్యూటర్ లోపలే చేయిస్తానన్నాడు.

"యూజర్ నంబరును బట్టి ప్యాకెట్‌కు గుర్తు వేస్తా. గుర్తును బట్టి హెచ్‌టీబీలో ఎవరి గిన్నెలోకి వాళ్ళవి వెళ్తాయి. విండోస్ వాళ్ళకైతే ఇది తయారుగానే ఉంది, 2012 సర్వర్ నుంచి లాగిన్‌కింత అని సమానంగా పంచుతది."

"వెళ్ళేవాటికి సరే. వచ్చేవాటికో?"

మళ్ళీ ఒక్క క్షణం నిశ్శబ్దం. పిల్లలు చేసేది ఎక్కువగా దించుకోవడమే, పంపడం కాదు. బయటికెళ్ళే ప్యాకెట్‌ను ఎవరు పుట్టించారో కెర్నెల్‌కు తెలుసు. లోపలికి వచ్చే ప్యాకెట్ మీద యూజర్ పేరు ఉండదు. ఐపీటేబుల్స్‌లో యూజర్‌ను గుర్తుపట్టే నియమం వెళ్ళే వైపే పనిచేస్తుంది. పైగా వచ్చినదాన్ని అడ్డుకోవడానికి అప్పటికే ఆలస్యమైపోయింది, అది లైను మీదుగా ప్రయాణం చేసి గుమ్మంలో నిలబడే ఉంది.

అబ్బాయి విప్పి చెప్పాడు. వెళ్ళేటప్పుడు వేసిన గుర్తును ఆ కనెక్షన్ మొత్తానికి అంటిస్తారు. జవాబు తిరిగొచ్చినప్పుడు కనెక్షన్‌ను బట్టి ఆ గుర్తు మళ్ళీ దొరుకుతుంది. వచ్చే ప్యాకెట్లను ఒక ఉత్తుత్తి కార్డు గుండా మళ్ళించి అక్కడ వరసలో నిలబెడతారు. వాటా మించినవాడి ప్యాకెట్లు కొన్ని పారేస్తారు. పారేస్తే అవతలివాడు వేగం తగ్గిస్తాడు. ఇంటర్నెట్‌లో రద్దీ చూసి వెనక్కి తగ్గే ఆ మర్యాదను 1988లో వాన్ జాకబ్సన్ నేర్పాడు. అదే మనిషి క్యాథలీన్ నికోల్స్‌తో కలిసి 2012లో, వరసలో మరీ ఎక్కువసేపు నిలబడ్డ ప్యాకెట్లను ఎప్పుడు పారెయ్యాలో చెప్పే కోడెల్ పద్ధతి తెచ్చాడు. ఇవాళ చాలా లైనక్స్ కంప్యూటర్లలో అడగకుండానే నడుస్తున్నది దాని వారసుడే.

ఒక్క షరతుంది. వరస మన గుమ్మంలోనే కట్టాలి. లైను 100 అయితే మనం 95 దగ్గరే బిగించాలి. 100 దాకా వదిలితే వరస కంపెనీ వాడి పెట్టెలో పేరుకుంటుంది, అక్కడ మన మాట చెల్లదు. అబ్బాయి కాగితం మీద రాశాడు. మొత్తం 95. తలా 15 హామీ, ఆరుగురికి 90. పైకప్పు 90. ఒక్కడే ఉంటే దాదాపు లైనంతా వాడిదే, ఆరుగురూ నిండితే ఎవరికీ 15కు తగ్గదు.

"ఐదు మెగాబిట్లు చేతులారా పోగొడతావా?" కరువు చూసిన మనిషి కదా, బాబాయికి మనసొప్పలేదు.

"పోగొట్టి పెత్తనం కొనుక్కుంటన్నా."

ఆ మాటకు బాబాయి నవ్వాడు. తర్వాత తిరునాళ్ళ సంగతి ఎత్తాడు. ఆ రాత్రి లక్షల జనంలో ఫోన్ల నెట్ మూలుగుతుంది. కుర్రాళ్ళు ఫైబర్ లైనున్న ఈ గదికే వస్తారు, తమ ఊరి ప్రభ వీడియోలు ఎక్కించడానికి, లైవ్ పెట్టడానికి. అది వెళ్ళే వైపు భారం. లైవ్‌కు నాలుగైదు మెగాబిట్లు ఆగకుండా కావాలి, పక్కవాడు రెండు గంటల వీడియో ఎక్కిస్తుంటే అది ముక్కలవుతుంది. ఇక్కడ మాత్రం ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు. వెళ్ళే వైపు పంపకం సులువు, మన చేతిలోదే. లైవ్ పెట్టే సీటుకు హామీ పెంచాలి, వీడియోలు ఎక్కించేవాళ్ళు మిగులు వాడుకోవాలి. దానికి కొండ మీది స్వామిని తలచుకుని బాబాయి పెట్టిన పేరు "ముందు కోటయ్య, తర్వాతే మిగతా లోకం."

చివరికి కుదిరిన ఏర్పాటు ఇది. ఆరుగురికీ ఆరు ఖాతాలు, ఆరు పాస్‌వర్డ్‌లు, రిజిస్టరులో ఆరు సంతకాలు. నాలుగు సీట్లకు అడ్రసు ఒకటే. సర్వర్ పాఠాలు నేర్చుకునే రెండు సీట్లకు కేబుల్ మీద విడి అడ్రసులు. వేగానికి హామీ, అప్పు పద్ధతి. లాగ్‌లు యూజర్ నంబరుతో సహా ఏడాది పాటు. ఈ లెక్కన బ్యాండ్‌విడ్త్ విషయంలో గెలుపు అబ్బాయిదే. వాటాలు గడ్డకట్టినట్టు పంచడం 256 కిలోబిట్ల నాటి అవసరం, నేటిది కాదు. అడ్రసుల విషయంలో బాబాయి అడిగిన పరిష్కారం సగమే నిలిచినా, అడిగిన ప్రశ్న మాత్రం పూర్తిగా నిలిచింది. ఎవరు చేశారో చెప్పలేని ఏర్పాటు ఎంత వేగంగా ఉన్నా గదిని నడిపేవాడి మెడకే చుట్టుకుంటుంది.

పల్నాడులోనూ, బయటా ఊరి లైబ్రరీల్లో, బళ్ళలో, హాస్టళ్ళలో ఒక్క కంప్యూటర్‌ను పదిమందికి పంచుతున్నవాళ్ళు ఇంకా వేగమైన ప్లానుకు డబ్బు కట్టబోయే ముందు ఒక పని చెయ్యండి. పాస్‌వర్డ్ లేకుండా అందరూ వాడే ఆ ఉమ్మడి ఖాతాను ఈ వారమే తీసేసి, మనిషికొక ఖాతా తెరవండి. దానికి పైసా ఖర్చు లేదు. అడ్రసులు విడగొట్టాలన్నా, వేగం పంచాలన్నా మిగతా పనంతా దాని మీదే ఆధారపడి ఉంది.